చిప్‌లపై రేడియేషన్ దెబ్బ: ప్రొఫెసర్ డేనియల్ ఫ్లీట్‌వుడ్ కెరీర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈసీఈ, ఈఈఈ చదివే పిల్లల్లో చాలామందికి చిప్ అంటే డిజైన్ ఉద్యోగమే గుర్తొస్తుంది. తయారైన చిప్‌ని రేడియేషన్‌లో పెట్టి పాడుచేసి, అది ఎందుకు పాడైందో కనిపెట్టడమే కొందరికి జీవితకాలపు పని అని తెలిసినవాళ్లు తక్కువ. ఆ పని ఎలా ఉంటుందో ఊరికే చెప్పుకుంటూ పోయే కంటే ఒక మనిషి కెరీర్‌ని పట్టుకుని చూస్తే తేలిగ్గా బోధపడుతుంది. అందుకు అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేనియల్ ఫ్లీట్‌వుడ్‌ని తీసుకున్నాను. ఈ రంగంలో గొప్పవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ ఒకే చిన్న విషయాన్ని, అంటే సిలికాన్ మీద ఉండే పల్చటి ఆక్సైడ్ పొరని, నలభై ఏళ్లు వదలకుండా తవ్వినవాళ్లలో ఈయన దారి చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంతకీ ఈయన ఎవరు?

టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ మూడూ పర్డ్యూ యూనివర్సిటీలోనే, మూడూ ఫిజిక్స్‌లోనే. 1984లో పీహెచ్‌డీ అవగానే న్యూ మెక్సికోలోని శాండియా నేషనల్ ల్యాబొరేటరీస్‌లో చేరి పదిహేనేళ్లు పనిచేశారు. 1999లో వాండర్‌బిల్ట్‌కి వచ్చారు. 2003 నుంచి చాలా ఏళ్లు అక్కడి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ విభాగానికి అధిపతిగా ఉన్నారు. 500కి పైగా పరిశోధన పత్రాల్లో ఆయన పేరుంది. ఐఈఈఈ అనే ఎలక్ట్రికల్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘంలో న్యూక్లియర్, ప్లాస్మా సైన్సెస్ సొసైటీ ఇచ్చే మెరిట్ అవార్డు 2009లో అందుకున్నారు.

ఫిజిక్స్ చదివినాయన ఎలక్ట్రికల్ ప్రొఫెసర్ ఎలా అయ్యారు?

ఈ రంగంలో ఇది వింతేమీ కాదు. మనకి డిపార్ట్‌మెంట్ మారడం అంటే పెద్ద టెన్షన్. అక్కడ, ముఖ్యంగా సెమీకండక్టర్ల దగ్గర, ఫిజిక్స్‌కీ ఎలక్ట్రికల్‌కీ మధ్య గోడ పల్చగా ఉంటుంది.

ఫ్లీట్‌వుడ్ పీహెచ్‌డీ అంశం లోహపు పల్చటి పొరల్లో వచ్చే నాయిస్. ఏ లోహపు తీగలోనైనా స్థిరమైన కరెంటు పంపినా వోల్టేజీ కచ్చితంగా స్థిరంగా ఉండదు, సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఆ వణుకు పెరుగుతుంది. దీన్నే వన్ బై ఎఫ్ నాయిస్ అంటారు. అది ఎందుకు వస్తుందన్నది అప్పట్లో ఫిజిక్స్‌వాళ్లని బాగా వేధించిన ప్రశ్న. తన గైడ్ నికొలస్ జోర్డానోతో కలిసి 1983లో ఆయన వేసిన పేపర్ లోహం నిరోధకతకీ ఈ నాయిస్‌కీ ఉన్న సంబంధం గురించే.

శాండియాలో ఆయనకి అప్పగించిన పని వేరు: రేడియేషన్‌ని తట్టుకునే చిప్‌లు. నాయిస్ చదువు అక్కడితో అటకెక్కాల్సిందే. ఎక్కలేదు. ఎందుకో రెండు ప్రశ్నల తర్వాత వస్తుంది.

రేడియేషన్ చిప్‌ని ఏం చేస్తుంది?

మూడు రకాలుగా దెబ్బతీస్తుంది.

ఒకటి, డోసు. ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు, ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే ట్రాన్సిస్టర్‌లోని ఆక్సైడ్ పొరలో చార్జి కొద్దికొద్దిగా పేరుకుంటుంది. స్విచ్ ఆన్ అవ్వాల్సిన వోల్టేజీ మారిపోతుంది, ఆఫ్ చేసినా కరెంటు లీకవుతుంది. రెండోది, ఒకే ఒక్క కణం చేసే పని. బరువైన అయాన్ ఒకటి చిప్‌లోంచి దూసుకుపోతే దాని దారి పొడవునా చార్జి పుట్టుకొస్తుంది, మెమరీలో 0 ఉన్నచోట 1 అవుతుంది. కొన్నిసార్లు చిప్ మొత్తం కాలిపోతుంది కూడా. మూడోది, కణం సిలికాన్ పరమాణువునే దాని చోటు నుంచి తోసేయడం. సోలార్ సెల్స్, కెమెరా సెన్సర్లు దీనివల్లే ఎక్కువగా బలహీనపడతాయి.

ఫ్లీట్‌వుడ్‌కి బాగా పేరు తెచ్చింది మొదటి రకం.

ఆ ఆక్సైడ్ పొరలో అసలు ఏం జరుగుతుంది? కాస్త వివరంగా చెప్పగలరా?

ఓపిగ్గా చదవండి. కెరీర్ మొత్తం ఇక్కడే ఉంది.

చిప్‌ల్లో ఎక్కువగా వాడే ట్రాన్సిస్టర్ మాస్‌ఫెట్. అందులో స్విచ్‌ని నడిపే గేట్‌కీ కింది సిలికాన్‌కీ మధ్య సిలికాన్ డయాక్సైడ్ పొర ఉంటుంది. ఒక్క రాడ్ (రేడియేషన్ డోసుని కొలిచే యూనిట్) డోసు తగిలితే ఈ ఆక్సైడ్‌లో ఘన సెంటీమీటరుకి సుమారు 8 లక్షల కోట్ల ఎలక్ట్రాన్-హోల్ జతలు పుడతాయి. హోల్ అంటే ఎలక్ట్రాన్ వెళ్లిపోయిన చోట మిగిలే పాజిటివ్ ఖాళీ. కొన్ని జతలు పుట్టిన చోటే మళ్లీ కలిసిపోతాయి. మిగిలినవాటిలో ఎలక్ట్రాన్లు చురుకైనవి, కన్నుమూసి తెరిచే లోపే, నిజానికి అంతకన్నా ఎన్నో రెట్లు వేగంగా, గేట్‌లోకి వెళ్లిపోతాయి. హోల్స్ మాత్రం తడబడుతూ, ఒక్కో అడుగే వేస్తూ సిలికాన్ వైపు కదులుతాయి. అక్కడ సరిహద్దు దగ్గర ఆక్సిజన్ పరమాణువు లేని ఖాళీలుంటాయి. హోల్స్ వాటిలో చిక్కుకుపోతాయి. అలా పాజిటివ్ చార్జి నిలిచిపోయి, ఎన్-రకం ట్రాన్సిస్టర్ తక్కువ వోల్టేజీకే ఆన్ అయిపోతుంది.

కథ అక్కడితో ఆగదు. హోల్స్ ప్రయాణంలో ఆక్సైడ్‌లోని హైడ్రోజన్ విడుదలై ప్రోటాన్‌గా మారి అది కూడా సరిహద్దుకి చేరుతుంది. చిప్ తయారీలో సిలికాన్ అంచున మిగిలిపోయిన తెగిన బంధాలని మూయడానికి వేసింది కూడా హైడ్రోజనే. ఇప్పుడు వచ్చిన ప్రోటాన్ ఆ హైడ్రోజన్‌ని లాక్కుని అణువుగా ఎగిరిపోతుంది, తెగిన బంధం మళ్లీ బయటపడుతుంది. కాపలాకి పెట్టినవాడే దొంగకి తోడైనట్టు. ఈ చర్య ఇలా జరుగుతుందని ఫ్లీట్‌వుడ్, రాన్ ష్రింఫ్, సోక్రటీస్ పాంటెలిడీస్ తదితరులు 2001లో క్వాంటమ్ లెక్కలతో చూపించారు.

ఎన్-రకం ట్రాన్సిస్టర్‌లో ఈ తెగిన బంధాలు పట్టే చార్జి వల్ల వోల్టేజీ మొదటిదానికి వ్యతిరేక దిశలో జరుగుతుంది. కాబట్టి రేడియేషన్ ఆపిన కొన్నాళ్లకి చిప్ బాగుపడినట్టు కనిపించి, తర్వాత అవతలి వైపుకి చెడిపోవచ్చు. ఈ రంగంవాళ్లు దాన్ని రీబౌండ్ అంటారు. ఉపగ్రహం పంపేవాళ్లకి నిద్రపట్టనివ్వనిది ఇదే.

మరి నాయిస్‌కీ దీనికీ ఏంటి సంబంధం?

ఫ్లీట్‌వుడ్ కెరీర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది. ఒబర్లిన్ కాలేజీకి చెందిన జాన్ స్కోఫీల్డ్‌తో కలిసి 1989లో ఆయన ఒక ఫలితం ప్రకటించారు. రేడియేషన్ తగలక ముందు ట్రాన్సిస్టర్‌లో కొలిచిన వన్ బై ఎఫ్ నాయిస్‌కీ, తగిలిన తర్వాత ఆక్సైడ్‌లో చిక్కుకునే చార్జికీ పొంతన ఉంది. ముందు ఎక్కువగా వణికే ట్రాన్సిస్టరే తర్వాత ఎక్కువగా పాడవుతోంది.

దీని అర్థం ఆలోచించండి. రేడియేషన్ పరీక్షకి పెట్టిన చిప్ మళ్లీ వాడుకోవడానికి పనికిరాదు. నాయిస్ కొలిస్తే చిప్‌కి ఏమీ కాదు. ఆక్సైడ్ నాణ్యతని చిప్ చెడకుండానే అంచనా వేసే దారి దొరికినట్టయింది. రెండూ ఒకే రకం లోపాల వల్ల, అంటే సరిహద్దుకి దగ్గరగా ఉన్న ఆక్సిజన్ ఖాళీల వల్ల వస్తున్నాయన్న వివరణ తర్వాతి ఏళ్లలో బలపడింది. 1992లో ఆయన బోర్డర్ ట్రాప్స్ అని పేరుపెట్టినవి కూడా ఈ కోవలోవే: ఆక్సైడ్‌లోనే ఉంటూ, సిలికాన్‌తో చార్జి ఇచ్చిపుచ్చుకోగలిగినంత దగ్గర్లో ఉండే లోపాలు.

పీహెచ్‌డీలో నేర్చుకున్నది ఉద్యోగానికి పనికిరాదని మన దగ్గర తరచూ వినిపించే మాట. ఆయనకి మాత్రం అదే చేతిలో ఆయుధమైంది.

అంతరిక్షంలో పదేళ్లలో తగిలే డోసుని ల్యాబ్‌లో ఎలా పరీక్షిస్తారు?

అదే అసలు చిక్కు. పదేళ్లు ఎవరు ఆగుతారు? కోబాల్ట్-60 గామా మూలం ముందు చిప్ పెట్టి త్వరగా డోసు ఇచ్చేస్తారు. అమెరికా సైనిక ప్రమాణంలో మామూలు పరీక్షకి సెకనుకి 50 నుంచి 300 రాడ్లు. సెకనుకి 50 చొప్పున లక్ష రాడ్లు ఇవ్వడానికి 33 నిమిషాలు చాలు. కానీ తొందరగా ఇస్తే రీబౌండ్ కనిపించదు, దానికి కాలం కావాలి. శాండియాలో పీటర్ వినోకర్, జేమ్స్ ష్వాంక్, ఫ్లీట్‌వుడ్ ఈ సమస్య మీద చేసిన పని ఆ ప్రమాణంలోకి చేరింది. డోసు ఇచ్చాక, అదనంగా ఇంకో సగం డోసు ఇచ్చి, చిప్‌ని వోల్టేజీ మీదే ఉంచి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 168 గంటలు, అంటే వారం పాటు వేడిచేస్తారు. ఏళ్ల తరబడి జరగాల్సిన మార్పు ఆ వారంలో బయటపడుతుంది.

హమ్మయ్య అనుకునేలోపు ఇంకో పిడుగు పడింది. 1991లో పరిశోధకులు ఎన్‌లో (Enlow), పీస్, ష్రింఫ్ తదితరులు బైపోలార్ ట్రాన్సిస్టర్లలో, అంటే మాస్‌ఫెట్ కాని ఇంకో రకంలో, ఒక తలకిందుల ప్రవర్తనని బయటపెట్టారు. అదే మొత్తం డోసుని మెల్లగా ఇస్తే చిప్ తక్కువ కాదు, ఎక్కువ పాడవుతోంది! అంతరిక్షంలో డోసు తగిలేది మెల్లగానే. అంటే ల్యాబ్‌లో గబగబా పరీక్షించి పాసైందన్న చిప్ పైన ఫెయిలవ్వచ్చు. ఎందుకిలా అన్నదానికి 1994లో ఫ్లీట్‌వుడ్ బృందం ఒక వివరణ ఇచ్చింది. ఈ ట్రాన్సిస్టర్ల మీదుండే ఆక్సైడ్ మందంగా, లోపాలతో ఉంటుంది. డోసు వేగంగా వస్తే నెమ్మదిగా కదిలే చార్జి గుంపుగా పోగై, వెనక వచ్చేవాటిని సరిహద్దుకి చేరనివ్వదు. మెల్లగా వస్తే దారి ఖాళీగా ఉండి అన్నీ చేరుకుంటాయి.

అందుకే ఇలాంటి చిప్‌లకి సెకనుకి ఒక రాడ్‌లో నూరో వంతు, లేదా అంతకన్నా తక్కువ వేగంతో పరీక్ష చేయాలంటారు. ఆ లెక్కన లక్ష రాడ్లకి దాదాపు 116 రోజులు పడుతుంది. ప్రాజెక్టు మేనేజర్లకి ఈ అంకె చెబితే ముఖం మాడిపోతుంది.

ఈ రంగం ఎప్పుడు మొదలైంది?

1958లో ఎక్స్‌ప్లోరర్-1 ఉపగ్రహం ద్వారా జేమ్స్ వాన్ అలెన్ భూమి చుట్టూ రేడియేషన్ వలయాలున్నాయని కనిపెట్టారు. నాలుగేళ్లకే వాటి ప్రభావం ఏమిటో తెలిసొచ్చింది. 1962 జులై 9న అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తులో స్టార్‌ఫిష్ ప్రైమ్ అనే 1.4 మెగాటన్ల అణుపరీక్ష జరిపింది. మర్నాడే టెల్‌స్టార్ అనే కమ్యూనికేషన్ ఉపగ్రహాన్ని పైకి పంపారు. పేలుడు వదిలిన ఎలక్ట్రాన్లు వలయాల్లో చిక్కుకుని ఉన్నాయి. నవంబర్‌లో టెల్‌స్టార్ ఆదేశాలు వినడం మానేసింది. ఇంజినీర్లు తంటాలు పడి బతికించినా 1963 ఫిబ్రవరిలో పూర్తిగా పోయింది.

1964లో నావల్ రీసెర్చ్ ల్యాబొరేటరీకి చెందిన హెరాల్డ్ హ్యూస్, మాస్ ట్రాన్సిస్టర్లు రేడియేషన్‌కి తేలిగ్గా లొంగిపోతాయని చూపించారు. ఈ రంగంవాళ్లంతా ఏటా కలుసుకునే ఎన్‌ఎస్‌ఆర్‌ఈసీ సదస్సు మొదలైందీ అదే ఏడాది, సియాటిల్‌లో. 1975లో బైండర్, స్మిత్, హోల్మన్ ఉపగ్రహాల రికార్డులు తిరగేసి, పదిహేడు ఉపగ్రహ-సంవత్సరాల్లో నాలుగుసార్లు కాస్మిక్ కిరణాల వల్ల సర్క్యూట్లు తప్పుగా తిరగబడ్డాయని చెప్పారు. అప్పట్లో అది పెద్ద సంగతిలా అనిపించలేదు.

ఇదంతా అంతరిక్షం గొడవ. నేల మీదున్న మనకేంటి?

1978లో ఇంటెల్‌కి చెందిన తిమోతీ మే, ముర్రే వుడ్స్ చెప్పింది వింటే అలా అనలేరు. మెమరీ చిప్‌ల్లో అప్పుడప్పుడూ బిట్లు మారిపోతున్నాయి, చిప్ మాత్రం చెడిపోవడం లేదు. దొంగ ఎక్కడున్నాడంటే, చిప్‌ని కప్పిన సిరామిక్ ప్యాకేజీలోనే. అందులో అతి సూక్ష్మంగా ఉన్న యురేనియం, థోరియం విడుదల చేసే ఆల్ఫా కణాలే బిట్లని తిప్పేస్తున్నాయి. మరుసటి ఏడాది ఐబీఎంకి చెందిన జేమ్స్ జీగ్లర్, విలియం లాన్‌ఫర్డ్‌తో కలిసి, కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు కూడా నేల మీది కంప్యూటర్లని ఇబ్బందిపెట్టగలవని రాశారు. ఇవాళ సర్వర్లలో వాడే మెమరీకి తప్పు దిద్దుకునే ఏర్పాటు ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

2003లో బెల్జియంలోని షార్‌బీక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్‌లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అదనంగా పడ్డాయి. ఆ అంకె రెండుని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే ఒక్క బిట్ తిరగబడితే సరిగ్గా వచ్చే తేడా. కాస్మిక్ కిరణమే చేసిందని రుజువు లేదు గానీ, వేరే కారణమూ దొరకలేదు. 2017లో బోస్టన్‌లో ఒక సైన్సు సమావేశంలో ఈ ఉదాహరణ చెప్పిన ప్రొఫెసర్ భరత్ భువా కూడా వాండర్‌బిల్ట్ బృందంలోని వారే.

మరీ దగ్గరి సంగతి కావాలంటే 2025 నవంబర్ చివరి వారం గుర్తుచేసుకోండి. తీవ్రమైన సౌర రేడియేషన్ వల్ల విమానాన్ని నియంత్రించే కంప్యూటర్‌లో డేటా చెడిపోయే అవకాశం ఉందని చెప్పి ఎయిర్‌బస్ సుమారు 6,000 ఏ320 రకం విమానాలకి వెంటనే మార్పులు చేయించింది. మన దేశంలో తిరిగే విమానాలు కూడా అందులో ఉన్నాయి.

అంత మంది వాండర్‌బిల్ట్‌లోనే ఎందుకు పోగయ్యారు?

మనుషుల వెంట మనుషులు రావడం వల్ల. 1996లో కెన్నెత్ గాలొవే అక్కడ ఇంజినీరింగ్ డీన్‌గా వచ్చారు, ఆయనా ఈ రంగంవారే. అదే ఏడాది అరిజోనా యూనివర్సిటీ నుంచి ష్రింఫ్ వచ్చారు. 1999లో శాండియా నుంచి ఫ్లీట్‌వుడ్. తర్వాత నాసా గొడార్డ్ నుంచి రాబర్ట్ రీడ్. లాయిడ్ మాసెన్‌గిల్, భువా అప్పటికే అక్కడున్నారు. 2003లో అంతరిక్ష, రక్షణ ఎలక్ట్రానిక్స్ కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు. యూనివర్సిటీల్లో ఈ అంశం మీద పనిచేసే అతి పెద్ద బృందం తమదేనని వాళ్లు చెప్పుకుంటారు. ఒక్కరు లోపాల ఫిజిక్స్, ఒక్కరు సర్క్యూట్లు, ఇంకొకరు సిమ్యులేషన్. ఉపగ్రహ డిజైనర్లు రేడియేషన్ అంచనాకి వాడే క్రీమ్ అనే ఆన్‌లైన్ సాధనాన్ని నడుపుతున్నదీ వాళ్లే. 2015లో హామ్ రేడియో ఔత్సాహికుల ఫాక్స్-1ఏ అనే చిన్న ఉపగ్రహంలో వాండర్‌బిల్ట్ విద్యార్థుల ప్రయోగం కూడా పైకెళ్లింది.

ఇలాంటి ప్రొఫెసర్ రోజంతా ఏం చేస్తారు?

ల్యాబ్‌లో కోటు వేసుకుని కూర్చుంటారనుకుంటే పొరపాటు. ఎక్కువ సమయం పేపర్లు దిద్దడం, గ్రాంట్ ప్రపోజల్స్ రాయడం, విద్యార్థుల డేటా మీద వాదించుకోవడంలోనే పోతుంది. ఫ్లీట్‌వుడ్ ఐఈఈఈ న్యూక్లియర్ సైన్స్ పత్రికకి ఎడిటర్‌గా కూడా చాలాకాలం పనిచేశారు, అంటే ఇతరుల పేపర్లూ ఆయన చేతుల మీదుగానే.

ప్రయోగం చేసేది పీహెచ్‌డీ విద్యార్థి. వాండర్‌బిల్ట్‌లో 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-రే యంత్రం ఉంది, నిమిషానికి 30 వేల రాడ్ల పైచిలుకు ఇస్తుంది. చిప్ మీద సన్నటి సూదులు దింపి, వోల్టేజీ పెట్టి, కొంత డోసు ఇచ్చి ఆపి, కొలిచి, మళ్లీ డోసు. సూది జారితే ఆ ట్రాన్సిస్టర్ డేటా గంగపాలే.

బరువైన అయాన్లు కావాలంటే కణాల వేగం పెంచే యంత్రాలైన సైక్లోట్రాన్ల దగ్గరికి, అంటే బర్క్‌లీలోని 88 అంగుళాల సైక్లోట్రాన్‌కో, టెక్సస్ ఏ అండ్ ఎమ్ సైక్లోట్రాన్‌కో వెళ్లాలి. అక్కడ బీమ్ టైమ్ గంటల లెక్కన కొనుక్కోవాలి, దొరకడానికి నెలలు పడుతుంది. అర్ధరాత్రి స్లాట్ వచ్చినా కళ్లకద్దుకుని తీసుకుంటారు. ఈ కొరత ఎంత ముదిరిందంటే 2018లో అమెరికా నేషనల్ అకాడమీస్ దాని మీదే ఒక నివేదిక వేసింది.

నిజం చెప్పండి, ఇదంతా అణ్వాయుధాల కోసమేనా?

మొదట్లో చాలావరకు అవును. శాండియా అణ్వాయుధాల ల్యాబే. అణుపేలుడు తర్వాత కూడా పనిచేసే ఎలక్ట్రానిక్స్ కావాలన్న కోరికే ఈ రంగానికి డబ్బు తెచ్చింది. వాండర్‌బిల్ట్ పరిశోధనలకి ఇప్పటికీ అమెరికా వైమానిక దళం పరిశోధన కార్యాలయం, డిఫెన్స్ థ్రెట్ రిడక్షన్ ఏజెన్సీ నుంచి నిధులు వస్తాయి. ఆ డబ్బుతో దొరికిన జ్ఞానమే నాసా వ్యోమనౌకలకీ, ఆసుపత్రి యంత్రాలకీ, విమానాలకీ పనికొస్తోంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, అలాగని దాచనూ కూడదు. ఈ దారిలోకి వచ్చేవాళ్లు ఎవరి డబ్బుతో పనిచేస్తున్నామో తెలుసుకుని రావడం మంచిదని నా అభిప్రాయం.

ఆయన కనిపెట్టింది ఏదైనా మార్కెట్‌లోకి వచ్చిందా?

పరీక్షా పద్ధతులు వచ్చాయి, రోజూ వాడుతున్నారు. వస్తువు కోసం చూస్తే, 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రోటాన్ మెమరీ చెప్పుకోవాలి. హైడ్రోజన్‌లో వేడిచేసిన ఆక్సైడ్ పొరలో ప్రోటాన్లు చిక్కుకోకుండా అటూ ఇటూ కదులుతున్నాయని ఫ్లీట్‌వుడ్‌తో సహా శాండియా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు గమనించారు. పైకి తోస్తే 0, కిందికి తోస్తే 1, కరెంటు పోయినా అక్కడే ఉంటాయి. రేడియేషన్ పరిశోధనలో శత్రువైన ప్రోటాన్‌నే పనిలో పెట్టుకున్నారన్నమాట. ఆలోచన అందమైనదే గానీ ఫ్లాష్ మెమరీని అది పక్కకి నెట్టలేకపోయింది.

ఫోన్ చిప్‌లే పెట్టి పంపేయొచ్చు కదా?

కొన్నిసార్లు పంపుతున్నారు. మార్స్ మీద ఎగిరిన ఇంజెన్యూయిటీ హెలికాప్టర్‌లో ఉన్నది ఫోన్లలో వాడిన స్నాప్‌డ్రాగన్ 801. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. దాన్ని మోసుకెళ్లిన రోవర్‌కి మాత్రం పాత కాలపు, నెమ్మదైన, గట్టి ప్రాసెసర్నే పెట్టారు. పోతే పోయిందనుకునేదానికి ఒక లెక్క, పోకూడనిదానికి ఇంకో లెక్క.

నలభై ఏళ్లు తవ్వాక ఇంకా ఏం మిగిలింది?

గేట్ ఆక్సైడ్ బాగా పల్చబడ్డాక పాత సమస్య చాలావరకు తగ్గింది, చిక్కుకున్న చార్జి బయటికి జారిపోతుంది. కానీ పక్కపక్క ట్రాన్సిస్టర్లని వేరుచేసే మందపాటి ఆక్సైడ్ ఉంది. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ ఒక్క కణం నాలుగైదు బిట్లని ఒకేసారి తిప్పేస్తోంది. సిలికాన్ కార్బైడ్ పవర్ చిప్‌లు బరువైన అయాన్ తగిలితే, రేటింగ్‌కి చాలా తక్కువ వోల్టేజీలోనే కాలిపోతున్నాయి. గాలియం నైట్రైడ్ చిప్‌లు, ఫిన్‌ఫెట్ అనే నిలువు రెక్క లాంటి ట్రాన్సిస్టర్లు, కొద్ది పరమాణువుల మందమే ఉండే 2డీ పదార్థాలు, ప్రతిదానికీ లోపాల లెక్క మళ్లీ మొదటి నుంచే.

పాత పాఠాలు ఎంత పనికొస్తాయో 2024లో తెలిసింది. గురుగ్రహపు చందమామ యూరోపా దగ్గరికి వెళ్లాల్సిన క్లిప్పర్ నౌకలోని ట్రాన్సిస్టర్లు అనుకున్నంత గట్టివి కావని ఆ ఏడాది మే నెలలో బయటపడింది. నాసా నాలుగు నెలలు రాత్రింబవళ్లు పరీక్షలు చేసింది. ప్రతి 21 రోజుల కక్ష్యలో ఒక్క రోజే తీవ్రమైన రేడియేషన్, మిగతా రోజుల్లో ట్రాన్సిస్టర్లు తమంతట తాము కొంత కోలుకుంటాయని లెక్కతేల్చి అక్టోబర్ 14న పంపింది. అది 2030 ఏప్రిల్‌లో చేరుతుంది.

గురుగ్రహం దగ్గరికే వెళ్లిన జూనో నౌక కెమెరా సంగతి ఇంకా ముచ్చటైనది. బొమ్మలన్నీ గీతలు గీతలుగా వస్తుంటే, 2023 డిసెంబర్‌లో ఐయో అనే ఇంకో చందమామ పక్కనుంచి వెళ్లడానికి కొన్నాళ్ల ముందు హీటర్ పూర్తిగా పెంచి కెమెరాని వేడిచేశారు. బొమ్మలు మళ్లీ దాదాపు కొత్తవాటిలా వచ్చాయి. ఈ వివరాలు ఆ కెమెరా బృందంవాళ్లు 2025 జులైలో ఎన్‌ఎస్‌ఆర్‌ఈసీ సదస్సులో చెప్పారు. ఆ ఏడాది సదస్సు జరిగింది నాష్‌విల్‌లోనే.

మన తెలుగు విద్యార్థులు అమెరికాలో ఇందులో పీహెచ్‌డీ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ముందే తెలుసుకోవాల్సింది ఉంది. రేడియేషన్‌ని తట్టుకునే చిప్‌ల మీద అమెరికా ఎగుమతి నియంత్రణ చట్టాలు గట్టిగా ఉంటాయి. అక్కడ ఉన్నా సరే, విదేశీయుడికి కొన్ని వివరాలు చూపించడమే ఎగుమతి కింద లెక్క. యూనివర్సిటీలో బహిరంగంగా ప్రచురించే మౌలిక పరిశోధనకి మినహాయింపు ఉంది, అందుకే లోపాల ఫిజిక్స్ మీద విదేశీ విద్యార్థులు చాలామంది పనిచేస్తున్నారు. చదువయ్యాక శాండియా లాంటి ల్యాబ్‌ల్లో రహస్య పనులకి మాత్రం పౌరసత్వం అడుగుతారు. చేరేముందే గైడ్‌ని అడగండి: "నా ప్రాజెక్టులో ఎగుమతి ఆంక్షలున్న భాగం ఏమైనా ఉందా?" మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు, వాళ్లకి అలవాటే.

ఇండియాలో?

ఉంది, కాకపోతే చెదురుమదురుగా. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో, ముంబైలో టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థ ఆవరణలో పెల్లెట్రాన్లు, అంటే అయాన్ల వేగం పెంచే యంత్రాలు ఉన్నాయి, బరువైన అయాన్లతో చిప్‌ల పరీక్షలు అక్కడ జరుగుతాయి. మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీ ఇస్రోతో కలిసి 180 నానోమీటర్ల పద్ధతిలో చేసిన విక్రమ్ 3201 ప్రాసెసర్‌ని 2025లో అందరి ముందుకి తెచ్చారు. శ్రీహరికోట నుంచి ఎగిరే ఇస్రో ఉపగ్రహాల వెనక ఇలాంటి పరీక్షలు ఉంటాయి. మన యూనివర్సిటీల్లో ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా ఫిజిక్స్ విభాగాల్లో దొరుకుతారు, కాబట్టి ఈసీఈ వెబ్‌సైట్‌లోనే వెతికి లేదనుకోకండి.

బీటెక్‌లోనే మొదలుపెట్టాలంటే ఏం చేయొచ్చు?

కోబాల్ట్ మూలం అక్కర్లేదు. స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఆరు ట్రాన్సిస్టర్ల మెమరీ సెల్ గీసి, లోపలి నోడ్‌లో రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ తేడాగా ఉండే కరెంటు పల్స్ ఇవ్వండి. ఎంత చార్జి దగ్గర బిట్ తిరగబడుతుందో చూడండి, తర్వాత సప్లై వోల్టేజీ తగ్గించి మళ్లీ చూడండి. కాలేజీలో ఎఫ్‌పీజీఏ (మనకి కావాల్సిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) బోర్డు ఉంటే ఒకే లాజిక్ మూడు కాపీలు పెట్టి ఓటింగ్ సర్క్యూట్ రాసి, కావాలని బిట్లు తప్పుగా మార్చి పరీక్షించొచ్చు. సబ్జెక్టుల్లో సెమీకండక్టర్ డివైస్ ఫిజిక్స్‌ని గట్టిగా పట్టుకోండి, మాస్ కెపాసిటర్ అధ్యాయాన్ని పరీక్ష కోసం బట్టీ కొట్టి వదిలేయకండి. తక్కువ నాయిస్ ఉన్న యాంప్లిఫయర్, ఒక మంచి షీల్డింగ్ డబ్బా దొరికితే పాత ట్రాన్సిస్టర్‌లో వన్ బై ఎఫ్ నాయిస్ కొలవడం కూడా కాలేజీ ల్యాబ్‌లో అయ్యే పనే. బ్యాటరీతో నడపండి, లేకపోతే కరెంటు లైన్ 50 హెర్ట్జ్ మోతే కనిపిస్తుంది.